ఎల్లారెడ్డిలో తెల్లబడిన బంగారం

ఈ ప్రయాణంలో పోయినవాటిని ముందే చెప్పేస్తాను. ఒక గొడుగు, లింగంపేటలో. ఎడమకాలి చెప్పు, తిరుగు దారిలో వాగు దాటుతుండగా. ఊసబియ్యం పొట్లంలో సగం, ఒక కోతి పాలు. ఒక జింక తోలు, జానెడు పొడవు, మూడు తరాలు వాడింది. అది నాది కాదు. నా ఉంగరం పసుపు రంగు. ఒక ఆడమనిషి ముక్కుపుల్ల పసుపు రంగు. పాదరసం ఇరవై ఆరు మాషాలు. ఒక మనిషి చేతుల నిలకడ. ఈ చివరిది తక్కెడకు ఎక్కేది కాదు కాబట్టి చివర రాశాను. చిన్నదని కాదు.

యుద్ధం మొదలైన ఏటి చలికాలం అది. మాది భిక్నూరు దగ్గర ఒక ఊరు. పీరీల పండుగ ఇంకా నెల రోజులుంది. మా పీరీల కొట్టంలో ఉన్న పెద్ద పీరు రాగితో చేసిన పంజా, అంటే అయిదు వేళ్ళు చాచిన అరచెయ్యి. దాని మీది పాత బంగారు పూత అరిగిపోయి, లోపలి రాగి నల్లగా బయటపడింది. మళ్ళీ ములామా చేయించాలని ఊరు అనుకుంది. ములామా అంటే బంగారాన్ని పాదరసంలో కలిపి, ఆ ముద్దను రాగి మీద పూసి, నిప్పుల మీద కాచడం. పాదరసం పొగై పోతుంది, బంగారం పల్చటి పొరగా రాగిని పట్టుకుని ఉండిపోతుంది. పంతొమ్మిది ఇండ్లు బంగారం ఇచ్చాయి. విరిగిన కమ్మ ఒకరిది, పోగు ఒకరిది, చచ్చిపోయిన తల్లి ముక్కుపుల్ల ఒకరిది. అంతా కలిపి తూస్తే పద్నాలుగు మాషాలు వచ్చింది.

కొలతలు తెలియనివారి కోసం చెప్తున్నాను. తులానికి పన్నెండు మాషాలు. మాషానికి ఎనిమిది గురిగింజలు. గురిగింజకు ఎనిమిది బియ్యపు గింజలు. ఇంతకు మించి ఈ కథలో లెక్క లేదు.

మూడేళ్ళ కింద పక్క ఊరి పంజాకు ములామా చేసి తెచ్చిన పనివాడు రెండు మాషాలు మింగాడని తేలి, వాడిని కొట్టి పంపారు. అప్పటినుంచి మా వైపు ఒక కట్టడి ఉంది. బంగారం ఇచ్చిన ఊరి మనిషి ఒకడు, బంగారం కరిగినప్పటి నుంచి మెరుగు పెట్టేదాకా పనివాడి ఎదురుగా కూర్చోవాలి, కన్ను తిప్పకూడదు. ఈసారి ఆ పని నాకు అప్పగించారు. నేను బళ్ళో చదివినవాణ్ణి కాను. కామారెడ్డి గంజు బజారులో బెల్లం ముద్దలు తూచి తూచి లెక్క నేర్చుకున్నాను. అయినా నా తూకం మీద ఎవరూ ఇంతవరకు మాట అనలేదు. ఎల్లారెడ్డిలో పనివాడు మొగులయ్య. లెక్క తప్పితే నేను పంతొమ్మిది ఇండ్లకు ముఖం చూపలేను. మొగులయ్యకు ఈ చుట్టుపక్కల ఇక ఎవరూ పని ఇవ్వరు. ఇది ఇద్దరికీ తెలుసు.

కామారెడ్డి గంజు

భిక్నూరులో పొద్దున రైలెక్కి కామారెడ్డిలో దిగాను. పంజా గుడ్డలో చుట్టి చంకలో ఉంది, బంగారం మొలలో ఉంది, తక్కెడ సంచిలో ఉంది. స్టేషను బయట చాయ్ అర్ధణా. పోయినేడు కూడా అర్ధణాయే, కానీ గ్లాసు చిన్నదయింది. యుద్ధం వల్లనట. గ్లాసుకూ యుద్ధానికీ ఏం సంబంధమని అడిగితే, చాయ్‌వాడు నా వైపు జాలిగా చూశాడు.

బెల్లం గంజు వెనక ఒక ముసలి సాయబు కళాయి పెడుతున్నాడు. ఎడ్లబండికి ఇంకా సమయం ఉంది, నిలబడి చూశాను. పెద్ద దేగిసా నిప్పుల మీద ఎర్రగా కాలుతోంది. చిటికెడు నవసాగరం చల్లాడు. తెల్లటి పొగ బుస్సున లేచి ఆయన ముఖాన్ని మూసేసింది. ఆ పొగలోనే తగరం పుల్లను ఒకచోట తాకించి, దూదితో ఒక చుట్టు తుడిచాడు. అద్దం మీద ఊపిరి పడ్డట్టు, లోపలంతా ఒక్కసారి తెల్లబడింది. పొగ తగ్గాక చూస్తే ఆయన కన్ను ఒకటి పనిచేయదు. పెద్ద గిన్నెకు అణా, చిన్నదానికి ఆరు పైలు. మా ఊరికి వచ్చే కళాయివాడు అణాకు మూడు చిన్నవి చేస్తాడని చెప్పాను. వాడి తగరంలో సీసం ఉంటుందని, ఆ గిన్నెలో వండుకుని తిన్నవాడికి లెక్కలు రావని సాయబు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఎక్కడికి ప్రయాణమని అడిగితే చెప్పాను. ఆయన దూది పక్కన పెట్టాడు.

“మొగులయ్య తానికా? పనితనం మంచిదే. గని ఆ ఉంగరం తీసి గీడ్నే ఎవలకన్న ఇచ్చి పో బిడ్డా. ఆ ఇంట్ల పెట్టుకున్న బంగారం తెల్లగయితది.”

ఎందుకని అడిగితే, నిప్పు పనిలో కొన్ని అట్లనే అవుతాయని చెప్పి మళ్ళీ నవసాగరం చల్లాడు.

దారంతా దాని గురించే ఆలోచించాను. బంగారం నల్లబడదు, తుప్పు పట్టదు, తెల్లబడదు. ఇది నాకు తెలిసిన విషయం. పసుపు వస్తువు ఒక ఇంటికి పోయి తెల్లగా తిరిగొచ్చిందంటే, అది అదే వస్తువు కాదు. మధ్యలో ఎవరో మార్చారు. ఇంకో దారి నాకు తోచలేదు. ఉంగరం తీయలేదు. నాలుగు మాషాల రెండు గురిగింజలని పుస్తకంలో రాసుకుని, మరింత గట్టిగా వేలికి నొక్కుకున్నాను.

లింగంపేట దారి

కామారెడ్డి నుంచి కచ్చురం మాట్లాడుకున్నాను. కచ్చురం అంటే గూడు కట్టిన ఎడ్లబండి. పోనూ రానూ మూడు రూపాయలు, నిజాం హాలీ సిక్కాలో. బండివాడు సాయిలు, ముప్పై ఏళ్ళుంటాయి. ఎడ్లతో మాట్లాడినంత మర్యాదగా మనుషులతో మాట్లాడడు. నేను దారిలో మైలురాళ్ళు లెక్కపెడుతుంటే, నేను లెక్కపెట్టకపోతే అవి లేచిపోతాయా అని అడిగాడు. ఒకటి నిజంగానే లేదు. పదకొండు తర్వాత పదమూడు వచ్చింది. పన్నెండు ఏమైందని అడిగితే, ఎవరో ఇంటికి తీసుకుపోయి పచ్చడి నూరుకుంటున్నారన్నాడు.

చేలల్లో జొన్న పాలు పట్టి గట్టిపడే రోజులు. ఒకచోట పచ్చి కంకులు కాల్చి, నలిపి ఊసబియ్యం చేస్తున్నారు. అణాకు పెద్ద పొట్లం ఇచ్చారు, బెల్లం ముక్క ఊరికే. బండి ఆపి తింటుంటే కోతి వచ్చి సగం ఎత్తుకుపోయింది. సాయిలు దానికి దండం పెట్టాడు, నాకు పెట్టలేదు.

చీకటి పడకముందే లింగంపేట చేరి ఒక అవ్వ ఇంటి అరుగు మీద దిగాం. ఆమె బాటసారులకు వండి పెడుతుంది. సజ్జరొట్టె రెండు, పచ్చిపులుసు, వెల్లుల్లి కారం, అన్నీ కలిపి అణా. మా వైపు రొట్టె మీద నువ్వులు అద్దరు, ఇక్కడ అద్దుతారు. అవ్వ చాలా మాటకారి. మొగులయ్య పేరు వినేదాకా మాట్లాడింది. విన్నాక కొంగు ముందుకు లాక్కుని చెవుల గెంటీలు కప్పుకుంది. భయపడి చేసిన పనిలా లేదు, ఎండ కొడితే తలకు కొంగు వేసుకున్నట్టు మామూలుగా చేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడినంతసేపు చెవులు కనబడనివ్వలేదు. తెల్లవారి మంచులో బయలుదేరేటప్పుడు తొందరలో గొడుగు అక్కడే మరిచిపోయాను.

మొగులయ్య ఇల్లు

ఎల్లారెడ్డిలో మొగులయ్య ఇల్లు ఊరి చివర, విడిగా ఉంది. మా వైపు ఇంటికొచ్చినవాడికి ముందు నీళ్ళిస్తారు. ఇక్కడ ముందు అరచేతిలో బెల్లం ముక్క పెట్టి, తర్వాత నీళ్ళిచ్చారు. ఇచ్చింది మొగులయ్య భార్య రాజవ్వ. ఆమె ఒంటి మీద ఉన్న బంగారమంతా ఒక ముక్కుపుల్ల. మెడలో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది, పుస్తెలు లేవు.

మొగులయ్యకు యాభై ఏళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడతాడు, నెమ్మదైన చేతులు. పంజాను చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య బొటనవేలితో తడిమి, పాత పూత ఎవరు చేశారో చెప్పాడు. తన తాత. మా ఊళ్ళో ఎవరికీ ఆ సంగతి తెలియదు. “మా తాత వేళ్ళ సందులల్ల కొంచెం మందం పెడ్తుండె” అన్నాడు. నేను చూశాను. నిజమే, సందుల్లో పసుపు ఇంకా మిగిలి ఉంది.

పని గది ఇంటి వెనక ఉంది. నాకు ఎక్కడికి పోయినా లెక్కపెట్టే అలవాటు. తలుపు ఒకటి, కిటికీ ఒకటి, దూలాలు నాలుగు. సాలెగూడు ఒక్కటి లేదు. చీమ లేదు. బల్లి లేదు. కామారెడ్డిలో కొత్తగా కట్టిన ఇండ్లలో కూడా బల్లి ఉంటుంది. నడిదూలానికి ఉయ్యాల కట్టే ఇనుప కొక్కెం ఉంది, తాడు ఒరిపిడి పడిన గుర్తు దాని మీద లేదు. బయట కిటికీ కింద నేల మీద మూరెడు వెడల్పున గడ్డి మొలవలేదు, చుట్టూ మోకాలెత్తు పచ్చిక ఉంది. గచ్చు సందుల్లో చిన్న చిన్న మెరుపులు కనిపించాయి. వంగి చూస్తే పాదరసం చుక్కలు. అడుగు వేస్తే అన్నీ ఒకేసారి కదిలాయి. రెప్ప లేని కళ్ళలా ఉన్నాయి.

మర్నాడు పొద్దున పని మొదలయింది. పంజాను తేజాబు ద్రావకంతో, చింతపండుతో కడిగి ఆరబెట్టి తూచాం. అరవై ఒక్క తులాలు సరిగ్గా. నూట పన్నెండు మాషాల పాదరసం మూకుడులో వెచ్చబెట్టి, రేకుగా కొట్టిన మా ఊరి బంగారాన్ని అందులో వేశాడు. బంగారం మునిగింది, ఒక క్షణం అంచులు కనిపించాయి, తర్వాత లేదు. పంతొమ్మిది ఇండ్ల బంగారం నా కళ్ళెదుటే లేకుండా పోయింది.  మూకుడును తక్కెడలో పెట్టించాను. నూట ఇరవై ఆరు మాషాలు. ఉంది. కనబడటం లేదు కానీ ఉంది.

తర్వాత దాన్ని జింక తోలులో పోసి పిండాడు. తోలు సందుల్లోంచి పాదరసం సన్నటి వానలా రాలింది, ఎనభై మాషాలు. తోలులో వెన్నలాంటి ముద్ద మిగిలింది, నలభై ఆరు మాషాలు. అందులో బంగారం పద్నాలుగు, పాదరసం ముప్పై రెండు. ఆ తోలు వాళ్ళ తాతదట. మెత్తగా, బూడిద రంగుగా, చేతి తోలులాగే ఉంది.

కిటికీ

నిప్పుల కుంపటి మీద మట్టి గొట్టం ఒకటి బోర్లించి ఉంది. దాని మూతి కిటికీలోంచి బయటికి పోతుంది. బయట రాజవ్వ నీళ్ళ కుండ పెట్టుకుని, గొట్టం చివర తడిగుడ్డ చుట్టి కూర్చుంది. కూర్చునే ముందు ముక్కుపుల్ల తీసి గూట్లో పెట్టబోయింది. పాదరసం పొగ ఆ గొట్టంలో చల్లబడి కుండలోకి జారుతుందని మొగులయ్య చెప్పాడు. ముప్పై రెండు మాషాలు పోతే ఇరవై ఏడు తిరిగి వస్తాయి. మిగిలిన అయిదు ఎటు పోతాయో ఇన్నేళ్ళలో తనకు తెలియలేదన్నాడు.

నాకు కనిపించింది వేరు. నిప్పు దగ్గర నుంచి గోడ అవతలికి ఒక గొట్టం. దాని చివర ఇంటి మనిషి, చేతిలో కుండ. గూట్లో పెట్టబోతున్న ఒక బంగారు వస్తువు. కళాయి సాయబు మాట గుర్తొచ్చింది. గొట్టం తీసేయమన్నాను, కిటికీ మూయమన్నాను, ఆమెను లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చోమన్నాను. ముక్కుపుల్ల తీయవద్దన్నాను. తీసి ఎక్కడో పెడితే ఇంటి బంగారం, ఊరి బంగారం కలిసిపోతాయి. కాచడం మొదలయ్యే ముందే దాన్ని ఒకసారి తూచుకుని మళ్ళీ పెట్టించాను. రెండు గురిగింజల మూడు బియ్యపు గింజలు.

“అన్నా, కిటికీ మూస్తే పొగ మన మీదికే వస్తది” అన్నాడు మొగులయ్య.

“గోడవతల ఏమున్నదో నాకు కనవడది. కనవడనిది నేను లెక్క రాయ.”

“దొంగ అంటున్నవా?”

“అంటలేను. కిటికీ మూయమంటున్న.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే లోపలికి వచ్చి మూలన కూర్చుంది. “మూయి. దొంగ అనిపించుకొని మళ్ల ఎవల బంగారం పట్టుకుంటవు?” అంది. ఆయన గొట్టం దించి కిటికీ తలుపులు దగ్గరికి వేశాడు. గడియ నేను పెట్టాను.

ముద్దను కుంచెతో పంజా మీద పూశాడు. రాగి మీద తెల్లటి పూత. నీళ్ళలో చాలాసేపు ఉన్న మనిషి చేయిలా అయింది. నిప్పుల మీద తిప్పడం మొదలుపెట్టాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత మణికట్టు దగ్గర సన్నటి పసుపు గీత కనిపించింది. అది అరచేతిలోకి పాకింది. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్కటే లోపలి నుంచి రక్తం ఎక్కినట్టు పసుపెక్కాయి.

పొగ అంటే కళ్ళు మండుతాయనుకున్నాను. మండలేదు. వాసన లేదు, రంగు లేదు. గదిలో ఏమీ జరగడం లేదనిపించింది. నోట్లో మాత్రం పైసా పెట్టుకున్నట్టు రుచి వచ్చింది, ఎంత మింగినా పోలేదు. దూలం కింద సన్నటి బూడిద రంగు చెమట పట్టింది. అది చుక్కలై రాలసాగింది. ఒక చుక్క నా లెక్కల పుస్తకం మీద పడి, నేను రాసిన అంకెల మీదుగా దొర్లి, అంచు దాటి పోయింది. తడి అంటలేదు.

తలెత్తి రాజవ్వను చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కొంగు పైన ముక్కుపుల్ల తెల్లగా ఉంది. తుడిస్తే పోయే తెలుపు కాదు, అసలు బంగారమే కానట్టు ఉంది.

“అది బంగారం ఏడున్నదో ఎతుక్కుంట పోతదన్నా” అన్నాడు మొగులయ్య, పంజా మీద నుంచి చూపు తిప్పకుండానే. “నీ ఏలు చూసుకో.”

నా ఉంగరం తెల్లబడి ఉంది. అది నా వేలు దాటి పోలేదు. దాన్ని ఎవరూ తాకలేదు, ఎవరూ మార్చలేదు. అంటే బంగారం తెల్లబడుతుంది. అంటే కళాయి సాయబు చెప్పింది చెప్పినట్టే నిజం. అంటే గొట్టం, కుండ, గోడవతల మనిషి, అన్నీ మొగులయ్య చెప్పినట్టే.

గడియ నా చేతికి అందేంత దూరంలో ఉంది. పంజాలో ఇంకా రెండు వేళ్ళు తెల్లగా ఉన్నాయి. మధ్యలో కిటికీ తీస్తే, అప్పటిదాకా పెట్టిన కాపలా చెల్లదు. ఊరికి పోయి నేను మొదటి నుంచి చివరిదాకా చూశానని చెప్పలేను. ఆ రెండు వేళ్ళు అయ్యేదాకా కూర్చున్నాను. నూట పది లెక్కపెట్టాను.

తర్వాత నేనే గడియ తీశాను. ముగ్గురం బయట పచ్చిక మీద కూర్చున్నాం. మధ్యాహ్నం రాజవ్వ మక్కగటక, అనపకాయ కూర పెట్టింది. కూర మంచిదేనని అనుకుంటాను. నాకు పైసా రుచే తగిలింది. మొగులయ్య రెండు ముద్దలు తిని, నోట్లో ఊరుతున్న నీళ్ళు ఆపుకోలేక లేచిపోయాడు.

తోలు

మర్నాడు అకీకు అనే నున్నటి గట్టి రాయితో రుద్ది మెరుగు పెట్టాడు. అప్పుడు పంజా చూడాలి. చేతిలో పట్టుకుంటే వెలుతురు ముఖం మీద పడుతుంది. ఆ పొర గోరు మందంలో వందో వంతు కూడా ఉండదు. కానీ దాని కింద రాగి ఉందని ఎవరూ అనుకోరు. పండుగ నిప్పులూ వానా ఇరవై ఏళ్ళు దాన్ని ఏమీ చేయలేవని చెప్పాడు.

తూచాను. అరవై రెండు తులాల రెండు మాషాలు రావాలి. రెండు గురిగింజలు తక్కువ వచ్చింది.

మూడుసార్లు తూచాను. తక్కెడ పళ్ళాలు మార్చి తూచాను. రెండు గురిగింజలు.

నాకు ఆ పూట ఆయన మీద అనుమానం లేదు. ఆ మాట గట్టిగా చెప్పలేకపోయాను. పంతొమ్మిది ఇండ్ల ముందు నిలబడి రెండు గురిగింజలు ఏమయ్యాయంటే ఏం చెప్పాలని మాత్రం అడిగాను. పిండినప్పుడు కొంచెం తోలులో ఉండిపోతుందని, అది మామూలేనని, మళ్ళీ పనికి అదే కలుస్తుందని మొగులయ్య అన్నాడు. నేను పుస్తకం మూయలేదు. ఆయన నా వైపు కాక పుస్తకం వైపు చూశాడు. లేచి ఆ తోలు తెచ్చి, ఇనుప గరిటెలో మడిచిపెట్టి, నిప్పుల మీద పెట్టాడు.

వద్దని అన్నాను. అన్నానని గట్టిగా గుర్తుంది. కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

తోలు ముడుచుకుంది, పిడికిలి మూసినట్టు. తాత చేతుల నుంచి అందులో ఊరిన పాదరసమంతా లేచింది. అది ఎంతో నేను తూచలేదు కాబట్టి రాయలేను. ఈసారి కిటికీ తెరిచే ఉంది. కానీ ఆయన గరిటె మీదికి వంగి ఊదుతున్నాడు. బూడిద కడిగితే అడుగున పసుపు నలుసు మిగిలింది. మూడు గురిగింజలు.

“రెండు మీ ఊరివి. ఒకటి మా తాతది” అని రెండు నాకిచ్చి, ఆ ఒకటి భార్య చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని చూడలేదు. ముక్కుపుల్ల తీసి నా తక్కెడలో పడేసింది. “తూచు అన్నా. మీ ఊరి బంగారం నా ముక్కుల దొరుకుతదేమో.”

తూచాను. రెండు గురిగింజల నాలుగు బియ్యపు గింజలు. ఒక గింజ ఎక్కువ. నా ఉంగరం మూడు గింజలు ఎక్కువ. నిప్పుల్లో పెడితే మళ్ళీ పసుపు వస్తుందని మొగులయ్య చెప్పాడు. రాజవ్వ ముక్కుపుల్లను అట్లాగే తెల్లగా మళ్ళీ పెట్టుకుంది.

గచ్చు సందులు ఊడ్చి, చుక్కలన్నీ కలిపితే ఆరు మాషాలు దొరికాయి. ముప్పై రెండులో ఆరు. ఇరవై ఆరు లేవు. నేను అంకె వేస్తుంటే రాజవ్వ పైనుంచి చూస్తూ నిలబడింది. ఆమెకు చదువు రాదు, కానీ పాదరసం లెక్క వచ్చు.

“ఎప్పుడన్న అయిదు పోతయి. అవి ఈయన పనివి. తక్కినయి నీ పేర రాసుకో.”

రాసుకున్నాను. ఇరవై ఒకటి.

కూలి మూడు రూపాయలు. మొగులయ్య చేతిలో పెట్టాను. ఒకటి జారి దొర్లి గోడ దాకా పోయింది. తీసి ఇచ్చాను. మళ్ళీ జారింది. అప్పుడు చూశాను, ఆయన వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి, చలికి వణికినట్టు. ఎండ బాగానే ఉంది.

తిరుగు దారి

దారిలో సాయిలు నా ఉంగరం చూసి, ఎల్లారెడ్డి పోయి వెండిది కొనుక్కున్నావా బాపు అన్నాడు. నేను నవ్వలేదని వాడు కూడా మానేశాడు. వాగులో ఎడమ చెప్పు పోయింది. ఆగి వెతకలేదు. పన్నెండో మైలురాయి తిరుగు దారిలో కూడా లేదు.

ఊళ్ళో పంజా చూసి అందరూ సంతోషించారు. గురిగింజ తక్కువ కాలేదని పంతొమ్మిది ఇండ్లకూ చెప్పాను. నన్ను మెచ్చుకున్నారు. పండుగ నాడు పీరు ఎత్తుకున్నవాడు ఎగురుతుంటే, ఆ అయిదు వేళ్ళు జనం తలల మీద ఊగుతుంటే, నేను చివరి రెండు వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. మిగిలినవాటికీ వాటికీ తేడా ఎవరికీ కనబడదు.

నోట్లో పైసా రుచి ఆరు వారాలకు పోయింది.

మరుసటేడు గంజులో సాయిలు కలిశాడు. ఎల్లారెడ్డి కబురు అడిగాను. మొగులయ్య పని మానేశాడు. అకీకు రాయి పట్టుకోలేడు. “నీళ్ల గిలాస ఇస్తే అండ్ల అలలు లేస్తున్నయి బాపు” అన్నాడు. రాజవ్వే గిన్నెలకు కళాయి పెట్టి ఇల్లు నడుపుతోంది. నేను అయిదు రూపాయలు వాడి చేతికిచ్చి పంపాను. పదిహేను రోజులకు అవే అయిదు రూపాయలు వెనక్కి తెచ్చాడు. ఆమె ఏమన్నదని అడిగాను.

“‘పైసలెందుకు, తక్కెడ తీసుకొని రమ్మను. మా ఆయనను తూచి, లోపల ఎంతున్నదో చూసుకొని పొమ్మను’ అన్నది.”

నేను పోలేదు. అప్పటికీ ఇప్పటికీ మూడేళ్ళయింది. ఎల్లారెడ్డి ఎప్పుడైనా పోతే, ఊరి చివర విడిగా ఉన్న ఇల్లు చూడండి. కిటికీ కింద గడ్డి మొలిచిందో లేదో నాకు ఎవరూ చెప్పలేదు.

ఉంగరాన్ని నిప్పుల్లో పెట్టలేదు. ఏటా పీరీల పండుగ ముందు తూస్తాను. మూడు గింజలు ఎక్కువే ఉంది. ముక్కుపుల్లలో ఒక గింజ. రెండూ కలిపి అర గురిగింజ, అంతే దొరికింది. ఇరవై ఒక్క మాషాలలో అది తీసివేస్తే, నా పేర నేటికీ నిలిచి ఉన్నది ఒక తులం, ఎనిమిది మాషాలు, ఏడున్నర గురిగింజలు.